చెంబు ఎప్పుడు వంచాలి: మ్యాజిక్ ప్రదర్శనలో చూపు, మాట, వ్యవధి

పాత మ్యాజిక్ సామానులో ఒక ఇత్తడి చెంబు కనిపిస్తూ ఉంటుంది. మెజీషియన్ దాన్ని తలకిందులుగా వంచి నీళ్ళన్నీ పారబోస్తాడు, ఖాళీ అయిందని చూపించి బల్ల మీద పెడతాడు, వేరే ఐటమ్‌లోకి వెళ్ళిపోతాడు. కాసేపటికి అదే చెంబు తీసి వంచితే మళ్ళీ నీళ్ళు. ఇంకాసేపటికి మళ్ళీ. 'వాటర్ ఆఫ్ ఇండియా' పేరుతో బెంగాలీ ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ (1913–1971) దీన్ని దేశదేశాల వేదికల మీద చూపించారు.

కిటుకంతా చెంబులోనే ఉంది. దానికి రెండు గోడలుంటాయి. లోపలి గోడకు అడుగున ఒక సన్నని రంధ్రం, బయటి గోడకు మెడ దగ్గర ఒక గాలి రంధ్రం. గాలి రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఉంచినంతసేపూ గోడల మధ్య ఉన్న నీళ్ళు కదలవు. చెంబును నిటారుగా పెట్టి వేలు తీస్తే గాలి లోపలికి వెళ్తుంది, గోడల మధ్య నీళ్ళు అడుగు రంధ్రం గుండా చెంబులోకి వస్తాయి, రెండువైపులా మట్టం సమానమయ్యాక ఆగుతాయి. ఈ చివరి మాటలో ఒక లెక్క దాగి ఉంది. గోడలు నిటారుగా ఉండి, లోపలి వైశాల్యమూ గోడల మధ్య వైశాల్యమూ సమానమైతే ప్రతిసారీ మట్టం సగానికి పడిపోతుంది. మొదట 300 మి.లీ. పడితే రెండోసారి 150, మూడోసారి 75, నాలుగోసారి 40 కూడా రావు. గోడల మధ్య చోటు లోపలి చోటుకు రెట్టింపు ఉంటే 300, 200, 133, 89, 59 వస్తాయి. అందుకే ఐదుసార్లు వంచాలనుకునేవాళ్ళు చెంబు కొనేటప్పుడు నునుపు చూడరు, లోపలి గొట్టం ఎంత సన్నగా ఉందో చూస్తారు.

ఇంత తెలిసినా ఐటమ్ చేతికి వచ్చినట్టు కాదు. అడుగు రంధ్రం సన్నదైతే నీళ్ళు చేరడానికి సమయం పడుతుంది. తొందరపడి తీస్తే నాలుగు చుక్కలు రాలి నవ్వులపాలవుతుంది. రంధ్రం పెద్దదైతే తొందరగా నిండుతుంది గానీ గుడగుడ శబ్దం వస్తుంది, మైకు దగ్గరుంటే హాలంతా వింటుంది. ఇవి సరిచేసుకున్నాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: చెంబు ఎప్పుడు వంచాలి?

మొదటిసారి పోసినప్పుడు ఎవరూ పట్టించుకోరు. అలాగే ఉండాలి కూడా. చివరి చుక్క విదిలించి, 'ఖాళీ' అన్న ఒక్క మాట అని పక్కన పెడితే చాలు. రెండోసారి వంచడానికి జనం చెంబును పూర్తిగా మరిచిపోవాలి. దానికి మధ్యలో నాలుగైదు నిమిషాల ఐటమ్ ఒకటి కావాలి. మూడోసారికి జనం కాచుకుని కూర్చుంటారు, పిల్లలైతే "చెంబు! చెంబు!" అని అరుస్తారు. అప్పుడు వెంటనే వంచేస్తే ఆ ఆత్రం అంతా అక్కడితో తీరిపోతుంది. చెంబు వైపు ఒక అడుగు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి వచ్చి ఇంకో చిన్న ఐటమ్ చేసి అప్పుడు వంచాలి. నీళ్ళు తగ్గుతున్న కొద్దీ ధార సన్నం చేయాలి. 300 మి.లీ. ఎంతసేపు పడ్డాయో 60 మి.లీ. కూడా అంతసేపు పడేలా నెమ్మదిగా వంచితే తగ్గినట్టు ఎవరికీ అనిపించదు. నీళ్ళను బకెట్లో కాకుండా గాజు జాడీలో పోస్తే ఎన్ని వచ్చాయో కళ్ళ ముందు పేరుకుంటూ ఉంటుంది. నీళ్ళలో ముందే కొంచెం ఫుడ్ కలర్ కలిపితే వెనక వరుసకూ కనిపిస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు సామాను కొనడానికీ చేతివాటానికీ నెలలు ఖర్చు పెడతారు. ప్రదర్శన చెడిపోయేది మాత్రం ఎక్కువగా చేతిలో కాదు. రహస్యం జరిగే క్షణానికి ముందూ వెనకా ఉండే మూడు నాలుగు సెకన్లలో కన్ను ఎటు చూసింది, నోరు ఏమంది, జనానికి ఏం గుర్తుండిపోయింది అన్న దాంట్లో చెడిపోతుంది.

చేతిలో రూపాయి బిళ్ళ మాయం చేయడం తీసుకుందాం. కుడిచేతి వేళ్ళ మధ్య ఉన్న బిళ్ళను ఎడమ అరచేతిలో పెట్టినట్టు నటించి, ఎడమ పిడికిలి మూసి, కుడిచేతిని బిళ్ళతో సహా కిందికి జారవిడవాలి. పుస్తకాల్లో నాలుగు బొమ్మలతో అయిపోయే పని ఇది. నేర్చుకున్న మొదటివారంలోనే చేతులు బాగానే కదులుతాయి. అయినా ఎదుటివాడు "కుడిచేతిలో ఉంది" అంటాడు. ఎందుకంటే చేసేవాడి కళ్ళు ఒక్క క్షణం కుడిచేతి వైపు వెళ్ళాయి. లేదా కుడిచేయి కర్రలా బిగుసుకుపోయింది. లేదా సరిగ్గా ఆ క్షణంలో నోటి మాట ఆగిపోయింది. అప్పటిదాకా గలగలా మాట్లాడినవాడు గప్‌చుప్ అయితే, 'ఇప్పుడే ఏదో చేస్తున్నాడు' అని ప్రేక్షకుడికి చెప్పినట్టే.

స్కాట్లాండ్‌లో కిరాణా కొట్టు నడుపుతూ ప్రపంచస్థాయి ఇంద్రజాలికుడైన జాన్ రామ్సే (1877–1962) చెప్పిన సూత్రాన్ని ఈనాటికీ అందరూ పాటిస్తారు. జనం ఒక వస్తువును చూడాలంటే నువ్వు ఆ వస్తువును చూడు, జనం నిన్ను చూడాలంటే నువ్వు జనాన్ని చూడు. దీని బలం ఎంతో 2006లో గుస్తావ్ కూన్, మైఖేల్ లాండ్ అనే పరిశోధకులు బంతితో కొలిచి చూపించారు. బంతిని రెండుసార్లు నిజంగా పైకి ఎగరేసి, మూడోసారి చేతిలోనే దాచుకుని ఎగరేసినట్టు నటిస్తారు. మెజీషియన్ కళ్ళు కూడా పైకి చూస్తే, చూసినవాళ్ళలో సుమారు మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్ళి మాయమైందనే చెప్పారు. కళ్ళు చేతి మీదే ఉంచితే ఆ సంఖ్య మూడో వంతుకు పడిపోయింది. చెయ్యి కదిలిన తీరు రెండుసార్లూ ఒకటే. మారింది చూపు మాత్రమే.

కాబట్టి బిళ్ళ మాయం సాధన ఇలా మొదలవ్వాలి. ముందు పదిసార్లు నిజంగానే ఎడమచేతిలో బిళ్ళ పెట్టండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ తర్వాత పదిసార్లు నటించి అదీ రికార్డు చేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నిజంగా పెట్టినప్పుడు బిళ్ళ బరువుకు ఎడమచేయి కొంచెం కిందికి దిగుతుంది, పిడికిలి తొందరపడకుండా మూసుకుంటుంది, కుడిచేయి ఏ పనీ లేనట్టు వేలాడుతుంది. తేడా ఎక్కడుందో అద్దం కన్నా వీడియోలో బాగా దొరుకుతుంది, ఎందుకంటే అద్దంలో చూసుకునేవాడి కళ్ళు అద్దం మీద ఉంటాయి, చేతి మీద ఉండవు.

కుడిచేయి వెళ్ళిపోవడానికి ఒక కారణం కూడా కావాలి. చంకలో మంత్రదండం పెట్టుకుని, బిళ్ళ 'పెట్టాక' ఆ చేత్తో దండం తీయడం పాత పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. అదే సమయంలో ఎదుటివారిని ఒక ప్రశ్న అడగండి. "మీ పేరేంటండీ?" అంటే చాలు. ప్రశ్న వినగానే మనిషి తల ఎత్తి ముఖంలోకి చూస్తాడు. "ఇటు చూడండి" అని ఆజ్ఞాపిస్తే అటు చూస్తాడు. పిడికిలి మూశాక వెంటనే తెరవకూడదు. లోపల బిళ్ళ ఉందన్న నమ్మకం గట్టిపడటానికి రెండు సెకన్లు ఇవ్వాలి. అప్పుడు ఒక్కొక్క వేలే తెరుచుకోవాలి.

ఇక్కడ అవధానం గుర్తుకు రాక మానదు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు పక్కనే కూర్చుంటాడు, సరిగ్గా పద్యపాదం అందుకునే వేళ అడ్డు ప్రశ్న వేస్తాడు. మ్యాజిక్‌లో ఆ పని వేదిక మీదివాడే ప్రేక్షకుల మీద చేస్తాడు. ఎప్పుడు అడగాలో తెలిసిన మంచి అప్రస్తుత ప్రసంగిని గమనిస్తే మెజీషియన్ నేర్చుకునేది చాలా ఉంది.

ఏ ఐటమ్ ఎంతమందికి అన్న విషయంలో పొరపాట్లు తరచూ జరుగుతాయి. పది రూపాయల బిళ్ళ వ్యాసం 27 మి.మీ. మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే అది ఆకాశంలో నిండు చందమామ ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. పది మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకు అందులో మూడో వంతు కూడా ఉండదు. 63 మి.మీ. వెడల్పున్న పేకముక్క ఏడు మీటర్ల దగ్గర చందమామంత అవుతుంది, దాని మీది అంకె మాత్రం అంతకు చాలా ముందే చదవడానికి అందదు. కాబట్టి బిళ్ళలు ఒక బల్ల చుట్టూ చేరిన పదిమందికి, పేక ఒక గదికి. ఫంక్షన్ హాల్లో మూడొందల మంది ముందు తాళ్ళు, 45 సెం.మీ. పట్టు రుమాళ్ళు, పెద్ద రింగులు. లేదంటే కెమెరా పెట్టి తెర మీద చూపించాలి.

పెద్ద హాల్లో చిన్న వస్తువు పని చేసే మార్గం ఒకటుంది. మ్యాజిక్‌ను ప్రేక్షకుడి చేతిలో జరిపించడం. స్పాంజి బంతులు అందుకే ఇంతకాలం నిలిచాయి. మెజీషియన్ పిడికిట్లో ఒక ఎర్ర బంతి, వచ్చినవారి పిడికిట్లో ఒకటి. ఊదగానే మెజీషియన్ చెయ్యి ఖాళీ, వారి చేతిలో రెండు. నిజానికి ఇచ్చేటప్పుడే రెండు కలిపి నొక్కి ఒకటిగా ఇచ్చేశారు. నాలుగు సెంటీమీటర్ల మెత్తటి బంతులు పెద్దల చేతికి సరిపోతాయి. పిల్లల పిడికిట్లో అవి వేళ్ళ సందుల్లోంచి బయటికి తొంగిచూస్తాయి, కాబట్టి వాళ్ళకు రెండున్నర సెంటీమీటర్లవి వాడాలి.

ఇందులో జరిగే పెద్ద ప్రమాదం, ఎదుటివారు మధ్యలోనే పిడికిలి తెరిచేయడం. దానికి కారణం దాదాపు ఎప్పుడూ చెప్పే క్రమంలోనే ఉంటుంది. బంతి ఇచ్చాక "తెరవకండి" అంటే అప్పటికే సగం తెరుస్తారు. బంతి ఇవ్వకముందే చెప్పాలి: "నేను దీన్ని మీ చేతిలో పెడతాను. పెట్టగానే గట్టిగా మూసేయండి. నేను చెప్పేదాకా తెరవద్దు." ఒకసారి ఉత్త చేత్తో అభ్యాసం చేయించినా తప్పులేదు. మూశాక పిడికిలిని బోర్లించి, చేతిని జనం వైపు చాచమనాలి. బోర్లా ఉన్న పిడికిలిని ఎవరూ ఊరికే తెరవరు, తెరిస్తే పడిపోతుందని తెలుసు. గట్టిగా పట్టుకోమనడానికి ఇంకో కారణం, వదులుగా పట్టుకుంటే లోపల రెండున్నాయని వేళ్ళకు తెలిసిపోతుంది.

అప్పుడు అడగాలి: "మీ చేతిలో ఎన్నున్నాయండీ?" "ఒకటి." మైకు వారి నోటి దగ్గర పెట్టాలి. వెనక వరుసకు బంతి కనిపించకపోయినా 'ఒకటి' అన్న మాట వినిపించింది, అదీ మెజీషియన్ నోట కాదు. తెరవమన్నప్పుడు మెజీషియన్ ఒక అరడుగు వెనక్కి తగ్గి, వారి ముఖం జనానికి కనిపించేలా నిలబడాలి. రెండో బంతి ఎగిరి పడగానే ఆ ముఖంలో వచ్చే మార్పే మిగతా మూడొందల మందికి ఐటమ్. ఆ ముఖానికి అడ్డంగా నిలబడి తానే దండం పెడుతూ చప్పట్లు అందుకునేవాళ్ళు తమ ఐటమ్‌ను తామే చంపుకుంటున్నారు. ఇంకో చిన్న జాగ్రత్త: ఈ ఐటమ్ భోజనాలకు ముందే చేయాలి. బిర్యానీ తిన్న చేతుల నూనె స్పాంజికి పట్టిందంటే బంతులు అతుక్కుని విచ్చుకోవు.

వేదిక మీదికి ఎవరిని పిలవాలన్నది సగం విజయం. అందరికన్నా ముందు చెయ్యెత్తి ఊపేవాడు చాలాసార్లు తన గొప్ప చూపించుకోవడానికి వస్తాడు. అంతకు ముందు ఐటమ్‌లకు హాయిగా నవ్వినవారిని, నడవ పక్కన కూర్చున్నవారిని, మొదటి నాలుగు వరుసల్లోంచి ఎంచుకోవాలి. వెనక నుంచి నడిచి రావడానికి అర నిమిషం పడుతుంది, ఆ అర నిమిషంలో హాలు చల్లబడుతుంది. వస్తున్నంతసేపూ చప్పట్లో పాటో సాగాలి. మెట్ల దగ్గర చెయ్యందించే ముందు అనుమతి అడగాలి. ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోకుండా, వారు అరచెయ్యి చాస్తే బంతిని పైనుంచి పెట్టడం మన సభల్లో మర్యాద. పెద్దవాళ్ళను 'గారు' అని, చిన్నపిల్లల్ని పేరు పెట్టి 'బాబూ', 'తల్లీ' అని పిలిచి, ఆ పేరును ఐటమ్‌లో మూడుసార్లయినా పలకాలి. రంగు మీద, లావు మీద, నత్తి మీద జోకులు కొన్ని ప్రదర్శనల్లో ఇంకా వినబడుతున్నాయి. అవి తక్షణం మానేయాల్సినవి. ఒకరిని అవమానించడం చూశాక హాల్లో మరెవరూ వేదిక ఎక్కరు, ఎక్కినవారు ఎదురు తిరుగుతారు. పంపించేటప్పుడు వారి పేరు చెప్పి చప్పట్లు కొట్టించి, వారు కూర్చున్నాకే తర్వాతి మాట మొదలెట్టాలి.

మాటల విషయానికొస్తే, కళ్ళకు కనిపిస్తున్నదాన్నే మళ్ళీ చెప్పడం అందరిలో ఉన్న అలవాటు. "ఇదిగో నా చేతిలో తాడు, ఈ తాడును ఇప్పుడు కత్తిరిస్తున్నాను." జనానికి కళ్ళున్నాయి. మాట చేయాల్సిన పని వేరు: జనం దేన్ని గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్ళాలో తేల్చడం. పేక ఐటమ్‌లో చివరి ముక్క తిప్పే ముందు ఆగి, "పేక కలిపింది మీరు, ముక్క తీసింది మీరు, అది ఏమిటో ఇంతవరకూ నాకు చెప్పలేదు" అని ఒక్కసారి తలపోయించాలి. ఆ మూడు వాక్యాలే మర్నాడు ఆఫీసులో వాళ్ళు ఇంకొకరికి చెప్పే కథ. ఇందులో అబద్ధం కలపకూడదు. మెజీషియన్ కూడా ఒకసారి పేక కలిపి ఉంటే 'నేను ముట్టుకోలేదు' అన్న మాట వినగానే ఎవరో ఒకరు "ముట్టుకున్నారుగా" అంటారు, అక్కడితో సరి.

పేకతో తెలుగువాళ్ళ ముందు ఇంకో చిక్కుంది. ఈతరం పిల్లల్లో చాలామందికి ఆఠీనుకూ కళావరుకూ తేడా తెలియదు. చూసిన ముక్కను రెండు నిమిషాల తర్వాత మరిచిపోతారు, చివర్లో సరైన ముక్కే చూపించినా అయోమయంగా చూస్తారు. ముక్కను పక్కనున్న ఇద్దరికి కూడా చూపించమనడం, పెద్ద మార్కరుతో దాని మీద పేరు రాయించడం దీనికి మందు. కొన్ని ఇళ్ళలో శుభకార్యాల్లో పేక తీయడమే పెద్దలకు నచ్చదు. అక్కడ పండ్ల బొమ్మలున్న కార్డులు వాడితే ఐటమ్ ఏమీ తగ్గదు.

ముగింపు విషయంలో 1956 ఏప్రిల్ 9న బీబీసీ ప్రత్యక్ష ప్రసారంలో జరిగినదాన్ని ఎప్పుడూ తలుచుకుంటారు. సర్కార్ తన సహాయకురాలిని బల్ల మీద పడుకోబెట్టి తిరిగే రంపంతో రెండుగా కోశారు. తర్వాత ఆమెను పిలిచారు, చేతులు రుద్దారు, ఆమె లేవలేదు. ముఖం మీద గుడ్డ కప్పారు. వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం ముగిసిందన్నారు. అమ్మాయి చచ్చిపోయిందనుకున్న ప్రేక్షకుల ఫోన్లతో బీబీసీ లైన్లు స్తంభించాయి. ఆమె క్షేమంగా ఉంది. సమయం మించిపోవడం వల్ల అలా జరిగిందన్నారు, సర్కార్ కావాలనే చేశారని నమ్మేవాళ్ళూ చాలామంది. ఏదైనా, కోయడానికీ లేపడానికీ మధ్య ఉన్న ఖాళీలో ఎంత శక్తి ఉందో ఆ రాత్రి బయటపడింది. సర్కార్ అంతటివాడికి లండన్‌లో అది ప్రచారమైంది. కాలనీ వినాయక చవితి పందిట్లో మైకు లాక్కుని "తర్వాత కోలాటం" అంటే అయిపోయినట్టే. అందుకని పది నిమిషాలిచ్చినచోట ఎనిమిదికి సిద్ధం కావాలి. చివరి ఐటమ్ మాత్రం తెగ్గోయకుండా, మధ్య ఐటమ్ ఒకటి వదిలేసేలా ముందే నిర్ణయించుకోవాలి.

మామూలు ఐటమ్‌లలో ఖాళీ ఇంకో రకంగా పాడవుతుంది. మాయం కాగానే వెంటనే తర్వాతి సామాను అందుకుంటారు. జనానికి ముందు ఆశ్చర్యం రావాలి, తర్వాత పక్కవారి ముఖం చూడాలి, ఆ తర్వాతే చప్పట్లు. దీనికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అంతసేపూ కదలకుండా, చేతులు తెరిచి, చిరునవ్వుతో నిలబడటం కొత్తవాళ్ళకు చాలా కష్టం. లోలోపల మూడు అంకెలు లెక్కపెట్టుకుంటే అలవాటవుతుంది. చప్పట్లు తగ్గుముఖం పట్టేవేళ జనం ధ్యాస సడలుతుంది, తర్వాతి ఐటమ్‌కు కావాల్సిన వస్తువును చేతిలోకి తీసుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదు.

పిల్లలు "జేబులో ఉంది! జేబులో ఉంది!" అని అరిస్తే కాదని వాదించకూడదు. నిజంగా లేకపోతే జేబు తీసి చూపించాలి. ఉంటే, "అరె, భలే పట్టేశావే" అని ఒప్పుకుని నవ్వుతూ ముందుకెళ్ళాలి. దాచడానికి పెనుగులాడితే హాలంతా ఆ జేబునే చూస్తుంది. పందిట్లో ఆడేటప్పుడు పక్కలకూ వెనక్కూ పిల్లలు చేరతారు కాబట్టి, అరచేతిలో దాచే ఐటమ్‌లు అక్కడ మానుకుని గోడకో స్టాలుకో వీపు ఆనించే చోటు ముందే చూసుకోవాలి. వీధి గారడీవాళ్ళు ఢమరుకం వాయిస్తూ నేల మీద గీత గీసి జనాన్ని దాని అవతల నిలబెట్టేది ఉత్త ఆచారం కాదు, కోణాలు కాపాడుకునే పద్ధతి. చేతులు రెండూ పనిలో ఉంటాయి కనుక చొక్కాకు తగిలించే మైకు తప్పనిసరి.

ప్రదర్శన ఎలా ఉందో తెలుసుకోవడానికి చాలామంది తమ వీడియో తీయించుకుంటారు. ఇంకో ఫోన్‌ను వేదిక మీద ఒక మూల జనం వైపు తిప్పి పెట్టి చూడండి. ఏ నిమిషంలో తలలు పక్కకు తిరిగాయో, ఎప్పుడు ఫోన్ల వెలుగు ముఖాల మీద పడిందో, నవ్వు మొదటి వరుసలో ఆగిందా వెనకదాకా పోయిందా అన్నది అందులో కనిపిస్తుంది. ఆ నిమిషాలను ఐటమ్‌ల పట్టికతో సరిపోల్చి, మరుసటి ప్రదర్శనకు ఒక్కటంటే ఒక్కటే మార్చాలి. మూడోసారి చెంబు వంచడాన్ని ఒక ఐటమ్ వెనక్కి జరిపితే జరిపినట్టే, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉంచి, పిల్లల అరుపు పెరిగిందో లేదో మళ్ళీ చూడాలి.